అడవిలో చుట్టు దారి ట్రెక్: వాగులు ఎప్పుడు దాటాలి, ఎప్పుడు ఆగాలి

ప్రశ్న గుంటూరు నుంచి ఒకరు అడిగారు. క్లుప్తంగా ఇది: "నేను, మా బావమరిది, ఇద్దరు స్నేహితులు, పన్నెండేళ్ల మా అమ్మాయి కలిసి అడవిలో చుట్టు దారి ట్రెక్ (ఒక దారిన వెళ్లి, వేరే దారిన బయల్దేరిన చోటికే తిరిగొచ్చేది) ఒకటి చేద్దామనుకుంటున్నాం. పన్నెండు కిలోమీటర్ల దాకా నడక, రెండు జలపాతాలు, నాలుగైదు చోట్ల వాగు దాటాలంటున్నారు. రాజమండ్రి అవతలి మారేడుమిల్లి వైపా, తిరుపతి దగ్గరి తలకోన, నాగలాపురం వైపా ఇంకా తేల్చుకోలేదు. ఆగస్టు చివర్లో అయితే నీళ్లు బాగుంటాయి కదా? వాగులో షూ విప్పాలా? తాడు తీసుకెళ్లాలా? ఎంత లోతు దాకా పర్వాలేదు?"

ముందు సూటిగా చెప్పేస్తాను. వెళ్లండి, అమ్మాయిని కూడా తీసుకెళ్లండి. కానీ ఆగస్టు చివర్లో వద్దు. వాగులో షూ విప్పకండి. తాడు నడుముకు కట్టుకుని దాటే ఆలోచన అసలే పెట్టుకోకండి. లోతు అమ్మాయి మోకాలితో చూడండి. నీళ్లు ఆ మోకాలు దాటి, వడిగా కూడా పారుతుంటే ఆ రోజుకి దాటడం మానేసి వెనక్కి తిరగండి.

ఇక కారణాలు. నేను విజయవాడ నుంచి చాలా ఏళ్లుగా కొత్తవాళ్లని అడవుల్లోకి తీసుకెళ్తున్నాను, బయల్దేరే ముందు అందరూ అడిగేది జలపాతం గురించే. ఎంత ఎత్తు, కింద స్నానం చేయొచ్చా, ఫొటో ఎక్కడి నుంచి బాగా వస్తుంది. చుట్టు దారిలో మీరు ముందు అడగాల్సింది ఆఖరి వాగు గురించండీ. వెళ్లిన దారినే తిరిగొచ్చే నడకలో అయితే పొద్దున దాటిన వాగునే సాయంత్రం దాటతారు, అడుగున ఏముందో తెలుసు. చుట్టు దారిలో అలా ఉండదు. పొద్దున మొదటి వాగు చీలమండ లోతులో నవ్వుకుంటూ దాటేస్తారు, ఎక్కుతారు, జలపాతం చూస్తారు, దిగుతారు, సాయంత్రం నాలుగింటికి కాళ్లు పీకుతుంటే ఆఖరి వాగు దగ్గరికి వస్తారు. అది ఎలా ఉందో అప్పటిదాకా మీలో ఎవరూ చూడలేదు. అవతలి ఒడ్డున చెట్ల సందుల్లోంచి మీ బండి కనిపిస్తుంటుంది. వెనక్కి వెళ్లాలంటే పది కిలోమీటర్లు, పైగా చీకటి. అప్పుడు మనిషి బుర్ర వాగు కొలత చూడదు, బండి దూరం చూస్తుంది. "ఇంత దూరం వచ్చాం, ఈ నాలుగడుగులేగా" అనే మాట ఆ రేవులోనే వినిపిస్తుంది.

అందుకే నేను చేసే పని ఒకటుంది, మీరూ చేయండి. బండి దిగగానే, నడక మొదలుపెట్టకముందే, ఆఖరి రేవు చూసి రండి. చుట్టు దారుల్లో ఎక్కువగా మొదలూ ముగింపూ ఒకే చోట ఉంటాయి కాబట్టి ఆఖరి వాగు బండి ఆపిన చోటికి పెద్ద దూరం ఉండదు. వెళ్లి చూడండి. నీళ్లు ఎక్కడి దాకా తాకుతున్నాయో సరిగ్గా అక్కడ ఒక తెల్లరాయి పెట్టి ఫొటో తీసుకోండి. అడుగున ఇసుకా, గులకరాళ్లా, పాచి పట్టిన బండా అనేది కర్రతో తడిమి చూసుకోండి. ఇది చూశాక మొదటి వాగు, ఆఖరి వాగు రెండిట్లో ఏది పెద్దదో తెలుస్తుంది, ఆ పెద్దది పొద్దున వచ్చేలా తిరగండి. ఎక్కడం తేలికగా ఉండే వైపు నుంచి మొదలుపెట్టడం అందరికీ అలవాటు. నాకు మాత్రం వాగే దిశను నిర్ణయిస్తుంది, ఎక్కడం కాస్త కష్టమైనా సరే. వానాకాలపు వానలు ఎక్కువగా మధ్యాహ్నం మీదటే పడతాయి, పొద్దున దాటినవాళ్లకి ఆ బాధ తక్కువ.

నెల సంగతి. మీరు అడిగిన రెండు వైపులకీ ఒకే నెల పనికిరాదు. మారేడుమిల్లి వైపు నైరుతి రుతుపవనాల వాన ఎక్కువ, జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాగులు పొంగిపోతుంటాయి, అక్టోబరులో తుపాను భయం ఉంటుంది. అటు నవంబరు రెండో సగం నుంచి జనవరి దాకా హాయిగా ఉంటుంది, జలపాతాల్లో నీళ్లూ ఉంటాయి, దారీ ఆరుతుంది. తలకోన, నాగలాపురం వైపు అలా కాదు, అక్కడ ఈశాన్య రుతుపవనాలు కుమ్మేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో తిరుపతి ఎలా మునిగిందో, ఆ వానలకే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట ఎలా తెగిపోయిందో గుర్తుండే ఉంటుంది. అటు వెళ్లాలంటే సంక్రాంతి దాటాక చూసుకోండి. తలకోన జలపాతం 270 అడుగుల ఎత్తు, రాష్ట్రంలో అదే పెద్దది, అప్పటికీ దానికి చూడదగ్గ ధార ఉంటుంది. "విజయవాడలో ఎండ కాస్తోంది కదా" అని ఏ వైపుకీ బయల్దేరకండి, మన వానకీ అక్కడి వానకీ సంబంధం లేదు.

వాన ఎక్కడ పడుతుందనేదే అసలు ప్రశ్న. దీనికి మన ఊళ్లోనే పాఠం ఉంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మీదికి వచ్చినప్పుడు, నగరంలో వాన తెరిపిచ్చాక కూడా వీధుల్లో నీళ్లు పెరుగుతూనే ఉన్నాయి, ఎందుకంటే అవి మైలవరం వైపు కొండల మీద, ఎగువన పడ్డ నీళ్లు. అడవి వాగు కూడా అంతే, ఇంకా చిన్నది కాబట్టి ఇంకా వేగం. మీ నెత్తిన ఎండ ఉంటుంది, రెండు కొండల అవతల మబ్బు నల్లగా ఉంటుంది, అరగంటలో వాగు రంగు మారుతుంది. ఇందులో ఒక మంచి సంగతి కూడా ఉంది: పరీవాహకం చిన్నది కాబట్టి వచ్చినంత తొందరగానే తగ్గుతుంది కూడా. కూర్చుని ఆగడం అనేది అందుకే నిజంగా పనిచేసే ఉపాయం.

ఒకటి చెప్తాను. మారేడుమిల్లి వైపే, అక్టోబరు. ఆఖరి వాగు దగ్గరికి వచ్చేసరికి ఆకాశం నిర్మలంగా ఉంది, నీళ్లు మాత్రం పొద్దున్నలా లేవు. అడుగున ఇసుక కనిపించడం లేదు, ఎండుటాకులు, వెదురు ముక్కలు తేలుతూ వస్తున్నాయి. మాతో వచ్చిన కొండరెడ్డి తెగ పెద్దాయన ఏమీ మాట్లాడకుండా ఒడ్డున ఒక పుల్ల గుచ్చి, దాని పక్కనే చుట్ట వెలిగించుకుని కూర్చున్నాడు. ఆ చుట్ట సగం కాలేలోపు పుల్ల మునిగింది. తర్వాత ఎర్రనీళ్లు వచ్చాయి, నీళ్ల అడుగున రాళ్లు ఒకదానికొకటి కొట్టుకుంటున్న చప్పుడు, దడదడమని, అరికాళ్లకి తెలిసేది. మా వాళ్లలో ఒకతనికి ఆ రాత్రికి రాజమండ్రిలో ట్రైన్, నడుము లోతేగా దాటేద్దామని ఒకటే టెన్షన్. పెద్దాయన ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. ఒడ్డు వెంట పైకి నడిపించి వాళ్ల ఊరికి తీసుకెళ్లాడు, రాత్రి అక్కడే అన్నం పెట్టారు, పొద్దున్న అదే రేవు పిక్కల లోతులో దాటి వచ్చాం. ట్రైన్ పోయింది, అంతే.

ఆ రోజు చూసిన గుర్తులు ఏ వాగుకైనా వర్తిస్తాయి: నీళ్లు ఎర్రబడడం, చెత్తా చెదారం కొట్టుకురావడం, పెట్టిన గుర్తు మునగడం, అడుగున రాళ్ల చప్పుడు. వీటిలో ఏ ఒక్కటి కనబడినా నీళ్లలో దిగకండి. అప్పటికే వాగు మధ్యలో ఉంటే దగ్గరి ఒడ్డు ఏదైతే అటే వెళ్లిపోండి.

లోతు కన్నా వడి ముఖ్యం. ప్రవాహం వేగం రెట్టింపైతే మీ కాళ్ల మీద పడే తోపుడు నాలుగు రెట్లవుతుంది, అందుకే పిక్కల లోతు నీళ్లు కూడా ఒక్కోసారి పెద్దవాళ్లని పడేస్తాయి. కొలవడం సులువు. ఒక ఎండు పుల్ల నీళ్లలో వేసి, దాంతోపాటు ఒడ్డున మామూలుగా నడవండి. పుల్ల మిమ్మల్ని దాటిపోతే, నీళ్లు మోకాలి దాకా ఉన్నా సరే, ఆ చోట దాటకండి. ఇరుగ్గా ఉన్నచోట దూకేద్దామనిపిస్తుంది, అక్కడే లోతూ వడీ రెండూ ఎక్కువ. వాగు బాగా వెడల్పై, నీళ్లు పలచగా పరుచుకుని, గులకరాళ్ల మీద సన్నగా గలగలమంటున్న చోటు వెతకండి. మలుపులో బయటి ఒడ్డు వైపు గొయ్యి ఉంటుంది, మలుపులకి మధ్య తిన్నగా ఉన్న భాగం మేలు. చోటు నచ్చాక ఒక్కసారి దిగువకి వంద అడుగులు నడిచి చూడండి. "జారితే ఎక్కడ తేలతాను?" దిగువన ఇసుక దిబ్బ ఉంటే సరే. పడిపోయిన చెట్టు కొమ్మలు ఉన్నా, జలపాతం అంచు ఉన్నా, నీళ్లు పాదం లోతే అయినా అక్కడ దాటొద్దు.

దాటేటప్పుడు బ్యాగు నడుము పట్టీ, ఛాతీ పట్టీ ఊడదీయండి, పడితే బ్యాగు వదిలేయగలగాలి. ఎగువ వైపు తిరిగి నిలబడి, గట్టి కర్ర ఒకటి ముందు పెట్టి దాని మీద బరువు వేస్తూ, పక్కకి పక్కకి, కొంచెం దిగువకి జరుగుతూ వెళ్లండి. ఒకసారికి ఒక్క కాలే కదలాలి, ఆ కాలు కుదురుకున్నాక రెండోది. కాళ్లు అడ్డంగా వేయకండి. రాయి మీంచి రాయి మీదికి గెంతేవాళ్లే ఎక్కువ పడతారు, నీళ్లలో కాలు పెట్టి నడిచేవాళ్లు తక్కువ పడతారు. తడిసి నల్లగా నిగనిగలాడే బండ మీద పాచి ఉన్నట్టే లెక్క.

మీరు ఐదుగురు కాబట్టి అమ్మాయితో ఇలా దాటండి: మీలో బరువైన మనిషి ఎగువన కర్రతో, ఆయన వెనకాలే అమ్మాయి, అమ్మాయికి అటు ఒకరు ఇటు ఒకరు. ముందు మనిషి కాళ్ల వెనక నీళ్ల జోరు తగ్గుతుంది, అమ్మాయి ఆ మరుగులో నడుస్తుంది. వేళ్లు పట్టుకుంటే తడికి జారిపోతాయి, మణికట్టు మీరు తన దగ్గర, తను మీ దగ్గర పట్టుకోవాలి. ఎత్తుకుని మాత్రం దాటకండి, మోసేవాడికి తన కాళ్లు కనబడవు, బరువు పైకి పోతుంది. తాడు గురించి కూడా ఇక్కడే చెప్తాను. నడుముకు తాడు కట్టుకున్న మనిషి పడితే తాడు బిగిసిన చోట ప్రవాహం అతన్ని నీళ్ల అడుక్కి తొక్కేస్తుంది, పైకి లేవనివ్వదు. తాడుతో వాగు దాటించడం నేర్చుకున్నవాళ్ల పని. తాడు అవసరమనిపించే వాగు మీ ఐదుగురికీ దాటకూడని వాగు.

పొరపాటున ఎవరైనా పడి కొట్టుకుపోతుంటే వెల్లకిలా తిరగాలి, పాదాలు దిగువకి, వేళ్లు పైకి. నిలబడాలని తొందరపడితే కాలు రాళ్ల సందులో ఇరుక్కుంటుంది, నీళ్లు పైనుంచి వంచేస్తాయి, మోకాలి లోతులో ప్రాణాలు పోయేది అలాగే. నీళ్లు పలచబడ్డాక లేవాలి. ఈ మాట అమ్మాయికి ఇంట్లోనే, నేల మీద పడుకోబెట్టి చూపించి చెప్పండి, వాగు ఒడ్డున భయపెడుతూ చెప్పకండి.

షూ విప్పడం గురించి: అరికాలికి పదునురాయి తగిలితే మనిషి ఉలిక్కిపడి అదుపు తప్పుతాడు, మిగతా కిలోమీటర్లు కుంటాలి కూడా. సాక్సు మాత్రం విప్పి పొడి సంచిలో పెట్టండి, షూ అలాగే వేసుకుని దాటండి, ఒడ్డుకొచ్చి నీళ్లు వంచేసి పొడి సాక్సు తొడుక్కోండి. ఒక్క సాక్సు విషయం పట్టించుకుంటే బొబ్బలు సగం తగ్గుతాయి. వెనక పట్టీ ఉన్న శాండల్సు అయినా పర్వాలేదు, హవాయి చెప్పులు, గంబూట్లు వద్దు, గంబూటులో నీళ్లు నిండితే కాలు లేవదు. జీన్స్ కూడా వద్దు, తడిస్తే బరువు.

ఇక జలపాతాలు. కింద మడుగులో నురగ తెల్లగా ఉన్న భాగంలోకి ఈతొచ్చినవాళ్లు కూడా వెళ్లొద్దు. ఆ నీళ్లలో గాలి బుడగలు కలిసి ఉంటాయి, మనిషి తేలడు, పైగా పడే ధార వెనక్కి లాక్కుని తిప్పుతుంది. ధార కింద తల పెట్టి నిలబడడం అందరికీ ఇష్టమే, కానీ పైనుంచి నీళ్లతోపాటు రాళ్లూ వస్తాయి, వాన పడిన వారంలో మరీను. పొడవాటి మడుగు అయితే బయటి అంచున, అడుగు కనిపించే చోట, నడుము లోతు దాకా చాలు. దూకడం వద్దు. పైఅంచు దగ్గరికి ఫొటో కోసం వెళ్లడం గురించి నేను గట్టిగానే ఉంటాను, నా గుంపులో ఎవరినీ పంపను. నాగార్జునసాగర్ దగ్గరి ఎత్తిపోతల చూసినవాళ్లకి ఒక మాట: చంద్రవంక వాగు అక్కడ 70 అడుగులు దూకుతుంది, దిగువన మొసళ్ల పెంపక కేంద్రం ఉంది, పైనుంచి చూసి రావడమే. "అక్కడ దిగనివ్వరు, అడవిలో అయితే అడిగేవాడు లేడు" అన్న ఉత్సాహంతో వచ్చేవాళ్లని చూస్తే నాకు గుండె దడ.

అనుమతి: రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా వెళ్లడం నేరం, నేషనల్ పార్కు, పులుల అభయారణ్యం అయితే ఇంకా గట్టి చట్టాలు. తలకోన శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కులో ఉంది. వెళ్లే వారం ముందు అక్కడి రేంజి ఆఫీసులో దారి తెరిచి ఉందో లేదో కనుక్కుని, స్థానికుణ్ణి ఒకరిని దారి చూపించడానికి తప్పకుండా పెట్టుకోండి. ఆయనకిచ్చే కూలి మీ ఖర్చులన్నిట్లోకీ విలువైనది. వాగు గురించి ఆయన వద్దంటే మీలో ఎవరూ వాదించకూడదు, ఇది బండి ఎక్కకముందే అందరితో ఒప్పించుకోండి, మీ బావమరిదితో సహా.

టైము: అమ్మాయితో, నాలుగైదు వాగులతో పన్నెండు కిలోమీటర్లంటే ఏడెనిమిది గంటలు పడుతుంది. ఐదుగురు సాక్సు విప్పి, దాటి, తొడుక్కునేసరికే ఒక్కో వాగుకి ఇరవై నిమిషాలు పోతాయి. ఆరింటికల్లా నడక మొదలవ్వాలి. నవంబరు, డిసెంబరుల్లో ఐదున్నర ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది, లోయలో ఇంకా ముందే మసక పడుతుంది. పదకొండున్నరకి సగం దారి రాకపోతే రెండో జలపాతం వదిలేసి వచ్చిన దారినే తిరిగి వచ్చేయండి. తలకి ఒక టార్చి, ఫోన్ టార్చి లెక్కలోకి రాదు. మ్యాపు ముందే ఫోన్‌లో దించుకోండి, సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికల్లా ఫోన్ చేస్తారో, చేయకపోతే ఎవరికి చెప్పాలో ఇంట్లో కాగితం మీద రాసిచ్చి వెళ్లండి.

తిండికి పులిహోర బెస్టు, మధ్యాహ్నం దాకా పాడవదు. పెరుగన్నం మన గుంటూరు, విజయవాడ ఉక్కలో పులిసిపోతుంది. వేరుశెనగ చిక్కీ, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉంచుకోండి. వాగు నీళ్లు తేటగా ఉన్నా ఎగువన పశువులు దిగి ఉండొచ్చు, క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగి తాగాలి.

ఈలోపు అలవాటు కోసం, వాన లేని ఆదివారాలు చూసుకుని మంగళగిరి మెట్లు, కొండవీడు కోట, ఇటు వస్తే మూలపాడు సీతాకోకచిలుకల పార్కు దగ్గరి అడవి దారి నడవండి. అమ్మాయి తన బ్యాగు తనే మోస్తూ నాలుగు గంటలు నడిచి, మర్నాడు మళ్లీ వెళ్దామంటే తను సిద్ధమైనట్టే. పెద్ద వాన పడిన వెంటనే మాత్రం ఏ కొండ వాలుకీ వెళ్లకండి, 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయింది మనం చూశాం.

పాముల గురించి మీరు అడగలేదు కానీ ఇంట్లోవాళ్లు అడుగుతారు. పడిపోయిన దుంగని ఒక్క అంగలో దాటకుండా దాని మీద ఎక్కి అవతల చూసి దిగండి, రాళ్ల సందుల్లో చేతులు పెట్టకండి. కాటు పడితే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం ఏవీ చేయకుండా ఆ కాలు కదలనివ్వకుండా మోసుకుని 108 అందే చోటికి చేరాలి, విరుగుడు ఆసుపత్రిలోనే ఉంటుంది.

చివరిగా, తిరిగొచ్చాక మూడు వారాలు అందరి ఒంటి మీదా కన్నేసి ఉంచండి. వచ్చిన రోజే సబ్బుతో స్నానం చేసి బట్టలు వేడినీళ్లలో వేయండి. గడ్డిలో, పొదల్లో ఉండే, కంటికి సరిగ్గా కనబడని చిన్న పురుగుల (మైట్లు) వల్ల స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది, కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది, అది ఎక్కువగా చంకలోనో గజ్జల్లోనో నడుము పట్టీ కిందో ఉంటుంది కాబట్టి వెతికితేగానీ కనబడదు. మారేడుమిల్లి ఏజెన్సీలో మలేరియా కూడా ఉంది. జ్వరం వస్తే మామూలు వైరల్ అనుకుని మాత్రలు మింగుతూ కూర్చోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లి, ఏ అడవికి, ఏ తేదీన వెళ్లొచ్చారో మీరే ముందు చెప్పండి. ఆ మాట వింటే ఆయన మలేరియా పరీక్ష మొదటిరోజే రాస్తారు, పెచ్చు కోసం ఒళ్లు వెతుకుతారు. రెండింటికీ మందులున్నాయి, తొందరగా మొదలుపెట్టాలి.